'సింగింగ్ ఇన్ ద రెయిన్'లో డెబ్బీ రేనాల్డ్స్ సొంత గొంతు ఎక్కడెక్కడ ఉంది?

1952లో జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి తీసిన ఈ హాలీవుడ్ ఎంజీఎం స్టూడియో సినిమా మళ్లీ చూశాను. కథలో కీచుగొంతు హీరోయిన్ లీనాకి క్యాథీ తన గొంతు అరువిస్తుంది కదా. అసలు తమాషా తెర బయట ఉంది. క్యాథీగా వేసిన డెబ్బీకే 'వుడ్ యూ' పాటలో బెటీ నోయెస్ పాడింది! మైకు ముందు క్యాథీ లీనా కోసం డైలాగు చెప్పే చోట వినిపించేది లీనా పాత్రధారి జీన్ హేగన్ మామూలు గొంతేనట. ఎవరికి ఎవరు డబ్బింగో తల తిరిగిపోతోంది.

మరి చివర్లో, స్టేజి మీద లీనా వెనక తెర లాగేసే ముందు వచ్చే టైటిల్ పాట ఎవరిది? 'వుడ్ యూ' డెబ్బీ సొంత గొంతుతో ఉన్న రికార్డింగ్ ఏదైనా డిస్కులోనో, సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లోనో దొరుకుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. యూట్యూబ్ కామెంట్ల లింకులు మాత్రం వద్దు, అక్కడ అంతా కొట్లాటే.