ఊళ్లో కొత్త బోర్లు వద్దని తీర్మానం చేస్తే న్యాయమేనా?

మర్రిగూడ రైతుబిడ్డ:
మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ పక్క ఊరు. ఐదేళ్లు కొత్త బోర్లు వేయొద్దు, యాసంగిలో బోర్ల కింద వరి పెట్టొద్దు అని గ్రామసభలో తీర్మానం పెట్టాలని పది మందిమి అనుకుంటున్నాం. మొన్న ఎండాకాలం మా చెలక పక్కన రాత్రంతా బోరుబండి మోగింది. తెల్లారి పోయి చూస్తే గట్టు మీది వేపచెట్టు ఆకులన్నీ తెల్లటి రాతిపొడి. 600 అడుగులు దిగినా తడి తగల్లేదు. అదే పొలంలో అది మూడో బోరు. ఆ రైతు అక్కడే కూలబడి కేసింగ్ పైపు దిక్కే చూస్తున్నాడు, పలకరిస్తే పలకలేదు.

మనది గ్రానైటు నేల. లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ భయం కూడా ఉంది. మనం తాగేది మిషన్ భగీరథ నల్లా నీళ్లే గానీ, బర్రెలు తాగేది బోరు నీళ్లే. మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు సేద్యానికి బోర్లు వద్దని, చెరకు వద్దని కట్టుబాటు పెట్టుకుని నిలబడింది. మనం చేయలేమా?

చెలక రైతు, నాంపల్లి:
తమ్మీ, ముందు ఒక మాట చెప్పు. నీకు బోరుందా? ఉంటే ఈ తీర్మానంతో నీకు పోయేదేం లేదు. నాకు మూడెకరాల చెలక, బోరు లేదు. వాన మొహం చాటేసిన ఏడు హైదరాబాద్ పోయి అడ్డా మీద నిలబడ్డా. ఇన్నేళ్లు తోడుకున్నది మీరు, నా వంతు వచ్చేసరికి వద్దంటారా?

వరి మానాలంటారు. 2024-25లో వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,300, జొన్నది 3,371. కాగితం మీద జొన్నే మేలు. కానీ మా దగ్గర్లో కొనే కేంద్రం వడ్లకే ఉంది. సన్నవడ్లకైతే 500 బోనస్ కూడా. జొన్నలు ఎవరికి అమ్మాలి?

మహిళా సంఘం సభ్యురాలు, దేవరకొండ:
అన్న అడిగింది న్యాయమే. కానీ బోరు అప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా చూడండి. మా బోరు ఫెయిలయ్యాక నా పుస్తెలతాడు బ్యాంకులో కుదువ పెట్టాం. మూడేళ్లయింది, ఇంకా విడిపించలేదు. బోరు వేసేటప్పుడు మమ్మల్ని అడిగేవాళ్లు ఉండరు. సంఘం అప్పు కావాలంటే మాత్రం మా సంతకం కావాలి.

పాలమూరు మిత్రుడు:
కరువు జిల్లాలు ఏడింటిలో 2003 తర్వాత కొన్నేళ్లు ఒక ప్రాజెక్టు నడిచింది. మా మహబూబ్‌నగర్, మీ నల్లగొండ రెండూ అందులో ఉన్నాయి. రైతులే వాన కొలిచేవారు, బోర్లలో నీటి మట్టం కొలిచేవారు. యాసంగికి ముందు అంతా కూర్చుని, ఊళ్లో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకునేవారు. ఎవరినీ ఏదీ పెట్టొద్దనలేదు. లెక్క చూసి ఎవరికి వాళ్లే నిర్ణయించుకున్నారు.

మీరూ లెక్క చూడండి. వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి దాదాపు 48.5 లక్షల లీటర్లు. జొన్నకు 450 అనుకుంటే 18 లక్షలు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. ఆటో స్టార్టర్ పెడితే మనిషి లేకున్నా మోటారు పోస్తూనే ఉంటుంది. ముందు అవి తీయించండి. ఆ తర్వాత, బోరున్నోళ్లు పక్క చెలకకు రెండు తడులు ఇస్తామని రాసివ్వాలి. అలా రాసిచ్చినోళ్లకే కొత్త బోరు వద్దనే హక్కు ఉంటుంది.

చెలక రైతు, నాంపల్లి:
రాసిస్తే సరిపోదన్నా. ఎండలు ముదిరినప్పుడు ఆ కాగితం చేను తడపదు. నా చేను దాకా పైపు వేసి, వాల్వు నా గట్టు మీద పెడితే నమ్ముతా.

మర్రిగూడ రైతుబిడ్డ:
అన్నా, మాకు రెండు బోర్లున్నాయి. అది మొదటే చెప్పాల్సింది, తప్పు నాదే. మీరన్నది చదివాక రాత్రి నాన్నతో మాట్లాడా. ఒక బోరు నుంచి పక్కనున్న నాలుగెకరాల కందికి పైపు వేయడానికి ఒప్పుకున్నాడు. పూతకు ఒక తడి, కాయ పట్టేటప్పుడు ఒక తడి. వాల్వు వాళ్ల గట్టు మీదే. వరి మాత్రం మానేది లేదంటున్నాడు, ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది. తీర్మానంలో ముందు తడుల మాట రాసి, బోర్ల మాట ఆ తర్వాత రాస్తున్నాం.

అక్కా, గ్రామసభ పొద్దున పెడితే కూలికి పోయే ఆడవాళ్లు రాలేరు. సాయంత్రం ఆరింటికి పెట్టమని సర్పంచును అడుగుతున్నాం.