ఫోటోను ‘కత్తిరించి’ పంపమనాలా, ‘ఛాతీ దాకా’ అంటే చాలునా?

కడప నుంచి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాల పూర్వ విద్యార్థుల సమావేశానికి ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నాము. అందులో ప్రతివారి పేరు పక్కన ఒక చిన్న ఫోటో రావాలి. అదే ఫోటోను సంఘం వెబ్‌సైటులోను, వాట్సాప్ బృందంలోను వాడుకుంటాము. అందరికీ పంపవలసిన ఉత్తరంలో “మీ హెడ్‌షాటును (తల, భుజాలు కనబడే ఫోటోను) క్రాప్ చేసి పంపగలరు” అని రాస్తే పెద్దలు ఇంగ్లీషు ఎక్కువైందన్నారు. “మీ శిరశ్ఛాయాచిత్రమును కత్తిరించి పంపగలరు” అని మారిస్తే అందరూ నవ్వారు. ‘క్రాప్’కు, అంటే ఫోటోలో అక్కరలేని అంచులు తీసివేయడానికి, వాడదగిన తెలుగు మాట ఏదో తెలుపగలరు.

కర్నూలు నుంచి జవాబు:

అయ్యా, వారు నవ్వడంలో తప్పేమీ లేదు. శిరస్సు, కత్తిరించడం ఒకే వాక్యంలో పడితే చదివేవాడికి శిరశ్ఛేదమే గుర్తుకు వస్తుంది. ‘హెడ్‌షాట్’ అన్నా పెద్ద తేడా ఉండదు. ఫోనులో తుపాకుల ఆట ఆడే పిల్లవాడిని అడిగితే ఆ మాటకు వాడు చెప్పే అర్థం మీ సంచికకు పనికిరాదు. ‘క్రాపు’ సంగతి మరీ చిత్రం. ఆ మాట మన తెలుగులోకి ఎప్పుడో వచ్చి మంగలి షాపులో స్థిరపడిపోయింది. తల క్రాపు చేసి పంపమంటే పాతకాలంవారు జుట్టు సంగతే అనుకుంటారు.

అయితే అసలు చిక్కు ‘కత్తిరించు’ అన్న క్రియలో ఉన్నదని నా అభిప్రాయం. కత్తెరతో చేసే పని కత్తిరించడం. స్టూడియోలో నాలుగు ఇంటూ ఆరు అంగుళాల కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు ఫోటోలు అచ్చువేసి, కట్టరు మీద పెట్టి విడదీస్తారే, అక్కడ ఆ క్రియ అక్షరాలా సరిపోతుంది. కానీ ఫోటోలో మనిషిని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూపాలో నిర్ణయించడం వేరే పని. అందులో తీసివేసేదానికంటే ఉంచేదే ముఖ్యం. ఉంచేదానిని చెప్పడానికి తెలుగులో కొత్త నామవాచకం పుట్టించనక్కరలేదు. భుజాల దాకా, ఛాతీ దాకా, నడుము దాకా అంటే అక్షరం రానివారికి కూడా కొలత తెలిసిపోతుంది. మొత్తం మనిషి కావాలంటే ‘నిలువెత్తు’ ఉండనే ఉంది.

మీ పనికి ‘ఛాతీ దాకా’ అనండి, ‘భుజాల దాకా’ వద్దు. వాట్సాప్‌లోను, లింక్డిన్‌లోను మన ఫోటో గుండ్రంగా కనబడుతుంది. చతురస్రంలో పట్టినంత పెద్ద వృత్తం గీసినా నాలుగు మూలల్లో కలిపి 21 శాతానికి పైగా వైశాల్యం పోతుంది. ముఖాన్ని చతురస్రం నిండా బిగించి పంపినవారికి ఆ వృత్తంలో భుజాలు మాయమై, నుదురు పైఅంచుకు తగిలి కనబడుతుంది. అచ్చులో నిలువు చట్రం ఉంటుంది కాబట్టి కొంత బిగువు చెల్లుతుంది. ఎడము ఉన్న ఫోటోను తరువాత ఎంతైనా బిగించవచ్చును గాని, బిగించి పంపినదానికి ఎడము తెచ్చిపెట్టలేము. అందుచేత తలపైన కాస్త సందు వదలమని ఉత్తరంలో తప్పక రాయండి.

అనంతపురం నుంచి ఒక మాట:

కర్నూలు అన్నగారు చెప్పినది బాగుంది. నేను నెట్ సెంటర్ నడుపుతున్నాను, రోజూ ఉద్యోగ దరఖాస్తుల ఫోటోలే నా పని. మా దగ్గర ‘కత్తిరించు’ కంటే ఎక్కువ గందరగోళం చేసే మాట ‘సైజు’. “సైజు తగ్గించు సార్” అని వచ్చినవారికి కావలసింది మూడింటిలో ఏదైనా కావచ్చును: చుట్టూ ఉన్నది తీసివేయడం, పిక్సెళ్ళు (ఫోటోలోని చుక్కలు) తగ్గించడం, లేదా కేబీలు (ఫైలు బరువు) తగ్గించడం. మూడూ వేర్వేరు పనులు, మూడింటికీ ఒకటే మాట.

ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ప్రకటనలో ఫోటో 4.5 ఇంటూ 3.5 సెంటీమీటర్లని ఉంటుంది. అప్‌లోడ్ చేసే చోట 200 ఇంటూ 230 పిక్సెళ్ళు, 20 నుంచి 50 కేబీ అని ఉంటుంది. ఈ రెండు కొలతల నిష్పత్తి ఒకటి కాదు. ఎత్తు 4.5, వెడల్పు 3.5 ఉన్న ఆ పాస్‌పోర్టు ఫోటోకు 200 వెడల్పు పెడితే ఎత్తు 257 వస్తుంది. ఆ మిగిలిన 27 పిక్సెళ్ళను ఎక్కడో ఒకచోట వదులుకోవాలి. తెలిసినవాడు కింద చొక్కా వైపు వదులుతాడు. తెలియనివాడు 257ను 230కి నొక్కేస్తాడు, దానితో ముఖం దాదాపు 12 శాతం వెడల్పై, సన్నని పిల్లవాడు కూడా బుగ్గలు వేసుకుని కూర్చుంటాడు. కాబట్టి ఆకారం చెడకుండా చిన్నది చేయడానికి ‘కుదించు’, ఒకవైపే అణచడానికి ‘నొక్కు’, అంచు తీసివేయడానికి ‘వదులు’ అని మూడు క్రియలను వేర్వేరుగా వాడుకుంటే మా వంటివారికి మేలు.

కర్నూలు నుంచి:

తమ్ముడు చెప్పిన ‘వదులు’ నాకు నచ్చింది. “కింద వదలండి, పైన వదలకండి” అన్నంత సులువుగా ‘కత్తిరించు’తో చెప్పలేము. కానీ ఇందులో ఒక మెలిక ఉన్నది. “తలపైన సందు వదలండి” అన్నప్పుడు అదే క్రియకు ‘ఉంచండి’ అని అర్థం వస్తుంది. రెండు వాక్యాలూ ఒకే ఉత్తరంలో పడితే చదివేవాడు తికమకపడతాడు కాబట్టి, ఉంచవలసినచోట ‘ఉంచండి’ అని, తీయవలసినచోట ‘తీసివేయండి’ అని రాయడమే క్షేమం. నేను పైన రాసిన ‘సందు వదలమని’ అన్నదాన్ని కూడా అలాగే సవరించుకోండి.

కొలత అంకెల్లోనే ఉండవలసిన చోట మాత్రం ‘దాకా’ చాలదు. అమెరికా వీసా ఫోటో రెండు అంగుళాల చతురస్రం. అందులో గడ్డం నుంచి నడినెత్తి వరకు ముఖం ఒక అంగుళానికి తగ్గకుండా, ఒకటి మూడెనిమిదుల అంగుళానికి మించకుండా ఉండాలి, అంటే ఫోటో ఎత్తులో 50 నుంచి 69 శాతం. అలాంటి చోట స్కేలు పెట్టి చూడవలసిందే. మీ సంచికకు అంత పట్టింపు అవసరం లేదు. అయితే 35 ఇంటూ 45 మిల్లీమీటర్ల ఫోటో అచ్చులో స్పష్టంగా రావాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 413 ఇంటూ 531 పిక్సెళ్ళు మిగలాలి. గుంపు ఫోటోలోంచి ఒక ముఖాన్ని లాగి పంపేవారి దగ్గర సాధారణంగా అన్ని మిగలవు.

కడప నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉత్తరాన్ని ఇలా మార్చాను, చూడగలరు: “మీరు ఒక్కరే ఉన్న ఫోటోను ఛాతీ దాకా కనబడేటట్లు పంపగలరు. తలపైన, రెండు పక్కల కొంత ఖాళీ ఉంచగలరు. అంచులు మేమే సరిచూసుకుంటాము. వాట్సాప్‌లో పంపేవారు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు.”

అనంతపురం నుంచి:

‘అంచులు మేమే సరిచూసుకుంటాము’ అన్నది బాగుంది, ‘క్రాప్’ అవసరమే రాలేదు. ‘ఫోటో’ పక్కన ‘అసలు’ అన్న మాట చేర్చండి. లేకపోతే సగంమంది తమ వాట్సాప్ డీపీని స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు.