పారిస్‌లో పేరున్న బేకరీ ముందు క్యూ కట్టాలా, బస చేసిన వీధిలోని బులాంజరీ (బ్రెడ్ కొట్టు) చాలా?

కాలువగట్టు:
పారిస్‌లో రెండు మూడు రోజులే ఉండేవాళ్లు కూడా పొద్దున్నే ఊరి ఆ చివరికి వెళ్లి, పేరు మోసిన బేకరీ ముందు ముప్పావు గంట నిలబడుతున్నారు. బ్రెడ్ కోసమైతే అది దండగని నా వాదన. 'ట్రాడిసియోన్' (సంప్రదాయ పద్ధతిది) పేరుతో అమ్మే బగెట్‌కు, అంటే కర్రలా పొడుగ్గా ఉండే బ్రెడ్‌కు, 1993 సెప్టెంబర్ నాటి ప్రభుత్వ డిక్రీ ఉంది. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ లేదా పులిసిన పిండి. వీటితో పాటు అతి కొద్దిగా చిక్కుడుగింజల పిండి, సోయా పిండి, మొలకెత్తించిన గోధుమల పిండికి మాత్రమే అనుమతి. రసాయనాలు కలపకూడదు, తయారీలో ఏ దశలోనూ ఫ్రీజ్ చేయకూడదు. 1998 చట్టం ప్రకారం పిండి కలపడం, పులియబెట్టడం, చుట్టడం, కాల్చడం అమ్మే చోటే జరిగితేనే బోర్డు మీద 'బులాంజరీ' అని రాసుకోవాలి. అంటే పక్క వీధి కొట్టుకూ పెద్ద పేరున్న కొట్టుకూ రూలు ఒకటే.

ఇక తేడా ఎక్కడంటే, పొయ్యిలోంచి తీసి ఎంతసేపైందన్న దగ్గర. వెన్న, నూనె, పాలు లేని బ్రెడ్ కాబట్టి నాలుగైదు గంటల్లోనే కరకర తగ్గుతుంది, మర్నాటికి గట్టిపడుతుంది. పొద్దున కొని, ఊరంతా తిరిగి, సాయంత్రం హోటల్లో తినేవాళ్లకు ఎంత గొప్ప బగెట్టైనా ఒకటే. పక్క వీధిలో సాయంత్రం 5 తర్వాత మళ్లీ వాయి దించుతారు, అప్పుడు కొనండి.

పులిసినపిండి:
ఆ 1998 చట్టాన్ని సగమే చెప్పారు. అది బ్రెడ్‌కే వర్తిస్తుంది. క్రోసాంట్, పాన్ ఓ షొకొలా (లోపల చాక్లెట్ పెట్టినది) లాంటి వెన్న పొరల తినుబండారాలు దాని కిందికి రావు. బగెట్ అక్కడే కాల్చి, క్రోసాంట్లను మాత్రం ఫ్యాక్టరీ నుంచి ఫ్రీజ్ చేసినవి తెప్పించుకుని ఓవెన్లో పెట్టి అమ్మినా ఆ కొట్టు 'బులాంజరీ'యే. ప్రయాణికులు ఎగబడేది ఎక్కువగా క్రోసాంట్ల కోసం. పేరున్న కొట్టుకు విలువ సరిగ్గా అక్కడే వస్తుంది.

చేతితో చేసే పని ఎంతో చూడండి. కిలో పిండికి దాదాపు అర కిలో వెన్న. పాలు, చక్కెర, ఈస్ట్ వేసి కలిపిన పిండిని చల్లబరిచి, పలకలా చేసిన వెన్నను మధ్యలో పెట్టి మూసి, పొడుగ్గా ఒత్తి మూడు మడతలు వేస్తారు. అలా మూడుసార్లు వేస్తే వెన్న 27 పొరలవుతుంది. ప్రతి మడతకూ మధ్య ఫ్రిజ్‌లో విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే పిండి సాగదు, వెనక్కి ముడుచుకుంటుంది. వెన్న మరీ చల్లగా ఉంటే ఒత్తేటప్పుడు లోపల ముక్కలవుతుంది, పొరలు తెగుతాయి. మరీ మెత్తబడితే పిండిలో ఇంకిపోతుంది, అప్పుడది క్రోసాంట్ కాదు, వెన్న వేసిన బన్ను. కాల్చేముందు చివరిసారి పొంగనిచ్చే దగ్గర చెడేవి ఇంకా ఎక్కువ: వేడి 28 డిగ్రీలు దాటితే వెన్న కరిగి ట్రేలోకి కారుతుంది. కింద నూనె మరకలా కనిపించి, లోపల పిండి ముద్ద తగిలితే జరిగింది అదే. బాగా వచ్చిన దాన్ని అడ్డంగా కోస్తే గుల్లలు గుల్లలుగా గదులు కనిపిస్తాయి, పైపొర రేకులై రాలుతుంది, అడుగు ఎర్రగా కాలి పొడిగా ఉంటుంది.

ఇంత పని చిన్న కొట్టులో రోజూ ఇద్దరు మనుషులతో ఎలా సాగుతుందో ఆలోచించండి.

కాలువగట్టు:
సాగే కొట్లు చాలా ఉన్నాయి. "సె ఫే మెజాఁ?" అని అడిగితే చాలు. ఇక్కడే చేశారా అని. సొంతంగా చేసేవాళ్లు ఆ మాట కౌంటర్ మీదే రాసి పెడతారు. ట్రేలోవన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో, ఒకే రంగులో ఉంటే అనుమానించండి. తిన్నగా ఉన్నది వెన్నది, వంకరగా ఉన్నది మార్జరిన్‌ది అంటారు. అది వాడుక మాత్రమే, చట్టం కాదు. చీటీ మీద 'ఓ బ్యోర్' (వెన్నతో చేసింది) అని ఉందో లేదో చూడాలి.

అవార్డు క్యూల గురించి కూడా ఒక మాట. 1994 నుంచి పారిస్ నగరం ఉత్తమ ట్రాడిసియోన్ బగెట్‌కు పోటీ పెడుతోంది, గెలిచినవాళ్లు ఏడాదిపాటు అధ్యక్ష భవనానికి బగెట్లు పంపుతారు. కిలో పిండికి 18 గ్రాముల ఉప్పు అని కూడా అందులో నియమం. మంచి పోటీ. కానీ అక్కడ చూసేది బగెట్ ఒక్కటే. ఆ స్టిక్కర్ చూసి అదే కొట్టులో క్రోసాంట్ కొనేవాళ్లు ఏ లెక్కన కొంటున్నట్టు?

గుడ్డు_తినను:
శాకాహారులు ఏవి కొనొచ్చో ఎవరైనా సరిగ్గా చెప్పండి. "గుడ్డు లేదు" అని కౌంటర్లో అనగానే నమ్మొచ్చా?

పులిసినపిండి:
ట్రాడిసియోన్, పులిసిన పిండి బ్రెడ్, రై బ్రెడ్ మామూలుగా సురక్షితం. వాటిలో గుడ్డు, పాలు ఉండవు. బేకన్ ముక్కలు పెట్టిన ఫుగాస్ లాంటివి అదే అరలో ఉంటాయి, 'లార్దాన్' అని రాసి ఉంటే వదిలేయండి. బ్రియోష్ అనే మెత్తటి తీపి బన్నులో గుడ్డు ఖాయం. క్రోసాంట్ పిండిలో చాలాసార్లు గుడ్డు ఉండదు, కానీ ఆ మెరుపు కోసం పైన గుడ్డు పూస్తారు. కౌంటర్లో "లేదు" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది లోపలి పిండి మాత్రమే కావచ్చు. కాబట్టి "పైన పూసేదాంట్లో కూడా లేదా" అని విడిగా అడగండి.

ఫ్రాన్స్‌లో విడిగా అమ్మే తిండికి కూడా అలర్జీ వివరాలు రాతలో అందుబాటులో ఉంచాలి, అడిగితే ఫైలు చూపిస్తారు. గుడ్డు, పాలు అందులో తెలుస్తాయి. తంటా జెలటిన్‌తో: పంది, గొడ్డు జెలటిన్ అలర్జీ పట్టికలోకి రావు. మూస్ కేకులు, అద్దంలా మెరిసే పూత ఉన్న కేకుల విషయంలో 'జెలాతీన్' ఉందా అని నోటితోనే అడగాలి. కిష్ లోరెన్ అనే ఉప్పు టార్ట్‌లో పంది మాంసం, బాబా ఓ రమ్ అనే కేకులో పేరులో ఉన్న రమ్మే.

లైన్4:
మీ ఇద్దరి వాదనలోనూ గడియారం సంగతి సగమే వచ్చింది. పొద్దున 7 నుంచి 8 దాకా కొనేది ఆ వీధివాళ్లు, లైన్ చకచకా కదులుతుంది. పర్యాటకుల రద్దీ 10 తర్వాత. మధ్యాహ్నం 12 నుంచి ఒకటిన్నర దాకా శాండ్‌విచ్ల గుంపు. చాలా కొట్లకు వారంలో ఒకట్రెండు రోజులు సెలవు, ఆగస్టులో వారాల తరబడి షట్టర్ దించేస్తారు. సెయింట్ మార్టిన్ కాలువ దగ్గర, ఈవ్ టుదిక్ వీధిలో క్రిస్తోఫ్ వాసర్ 2002లో పెట్టిన 'దు పాన్ ఎ దేజిదే'కు శని, ఆదివారాలు సెలవు. వీకెండ్‌కు దాన్ని పెట్టుకుని వెళ్లేవాళ్లకు దక్కేది మూసిన తలుపే.

కౌంటర్ దగ్గరకు రాగానే ముందు "బోంజూర్". అది లేకుండా ఆర్డర్ మొదలుపెడితే మర్యాద తక్కువగా చూస్తారు. వంతు వచ్చాక ఎంచుకోవడం మొదలుపెట్టొద్దు, లైన్లో ఉండగానే తేల్చుకోండి. బ్రెడ్‌ను చేత్తో ముట్టుకోకూడదు. బాగా కాలింది కావాలంటే "బియాఁ క్వీత్", లేతగా కావాలంటే "పా త్రో క్వీత్". ఒక్కరికైతే సగం బగెట్ అడగొచ్చు, కోసి ఇస్తారు. అక్కడే కూర్చుని తింటే ధర మారొచ్చు: క్రోసాంట్ పట్టుకెళితే పన్ను 5.5 శాతం, అక్కడే తింటే 10. చిన్న మొత్తాలకు కార్డు తీసుకోని కొట్లు ఉన్నాయి, నాణేలు దగ్గర ఉంచుకోండి.

పులిసినపిండి:
క్యూ కట్టాల్సిన వస్తువులు నా లెక్కలో రెండు రకాలు: వేరేచోట దొరకనివి, నిలవ ఉండేవి. ఎస్కార్గో పేరుతో నత్తగుల్లలా చుట్టి, పిస్తా, చాక్లెట్ పెట్టి వాసర్ కొట్టులో అమ్మేది మొదటి రకం. షెర్ష్ మిది వీధిలోని 'ప్వాలాన్', 1932లో పెట్టింది, రెండో రకం. దాని గుండ్రటి 'మీష్' దాదాపు 1.9 కిలోలు. పులిసిన పిండి, తిరగలి పట్టిన పిండి, గెరాండ్ ఉప్పు, కట్టెల పొయ్యి. ఆ పులుపు వల్లా, మందపాటి పైపొర వల్లా రోజుల తరబడి బాగుంటుంది. సగం, పావు కూడా ఇస్తారు. తిరుగు ప్రయాణం రోజున కొనదగ్గది అదే. బట్టలోగానీ కాగితంలోగానీ చుట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, ఆ చలికి బ్రెడ్‌లోని పిండిపదార్థం ఇంకా తొందరగా గట్టిపడుతుంది.

కాలువగట్టు:
మీష్ విషయంలో పేచీ లేదు. అది పక్క వీధిలో దొరకదు. కానీ ఒక్క ఎస్కార్గో కోసం పారిస్‌లో ఉన్న ఒకే ఒక్క పొద్దుటిపూట ఇవ్వమని ఎవరికీ చెప్పను. 7 గంటలకు లేవగలిగితే వెళ్లండి. లేకపోతే హోటల్ కిందకు దిగి, వేడిగా ఉన్న ట్రే ఏదో అడిగి అందులోంచి కొనండి.

పులిసినపిండి:
ట్రే వేడిగా ఉంటే క్రోసాంట్ కొనకండి, బగెట్ కొనండి. పొయ్యిలోంచి తీసిన వెంటనే క్రోసాంట్ లోపల ఆవిరి ఉంటుంది, పొరలు అతుక్కుని పచ్చిగా అనిపిస్తాయి. అరగంట ఆగాలి. వేడిమీద కొని, నోట్లో పెట్టుకుని "ఇదేంటి, ముద్దగా ఉంది" అని మంచి కొట్టును తిట్టేది అందుకే.