హాంబర్గ్‌లో నానోకణాల పొరలతో మొదటి బీమ్‌టైమ్: సలహా కావాలి

నమస్కారం అండీ. పీహెచ్‌డీ కోసం విశాఖపట్నం నుంచి వచ్చి ఆరు వారాలైంది. బంగారు నానోకణాలను సిలికాన్ వేఫర్ (పలుచని పలక) మీద ఆరబెట్టి, ఆ పొరలో కణాలు ఎలా అమరాయో ఎక్స్-కిరణాల పరిక్షేపణంతో, అంటే కిరణాలు చెదిరే తీరుతో, చూడటం నా పని. వచ్చే నెలలో ఇక్కడి పెట్రా-3 అనే ఎక్స్-కిరణ కేంద్రంలో మూడు రోజుల బీమ్‌టైమ్ (కిరణాన్ని వాడుకోవడానికి ఇచ్చే సమయం) ఉంది. ఒకే సీసాలోంచి తీసిన చుక్కలు కూడా ఒక్కోసారి ఒక్కోలా ఆరుతున్నాయి. ఏ వేఫర్లు పట్టుకెళ్లాలో తెలియడం లేదు. ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు

చెల్లీ, ఇదే ఊళ్లో, ఇదే పనిలో నాలుగేళ్లు గడిపాను. చనువుగా నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

బీమ్‌లైన్ (కిరణం అందే ప్రయోగ స్థలం) గురించి బెంగ తర్వాత. ముందు ఆరబెట్టడం సంగతి చూసుకో. ఎక్స్-కిరణాలు ఉన్నదాన్నే చూపిస్తాయి. ఆరేటప్పుడు కుదరని వరుసను అవి తెచ్చిపెట్టలేవు.

చుక్క అంచు వేఫర్‌ను పట్టుకుని కదలదు. అక్కడ ద్రవం త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడుమ ఉన్న ద్రవం అంచుకు పారుతూ కణాలను మోసుకుపోతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ ఎండితే చుట్టూ ముదురు గీత మిగులుతుంది చూడు, అదే ఇది. షికాగోలో డీగన్ బృందం 1997లో దీని కారణాన్ని వివరించింది. నీ కణాలు నీటిలో ఉన్నాయో టోల్యూన్‌లో ఉన్నాయో రాయలేదు. నీటిలో ఉంటే ఇక్కడి చలికాలాన్ని లెక్కలోకి తీసుకో. హీటరు వేసిన గదిలో గాలి బాగా పొడిగా ఉంటుంది, విశాఖలో చాలాసేపు తడిగా ఉండే చుక్క ఇక్కడ చూస్తుండగానే ఆరిపోతుంది. టోల్యూన్ అయితే ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే అరలో) వేఫర్ పక్కనే ఇంకొంచెం టోల్యూన్ పెట్టి, రెండింటి మీదా గాజు పెట్రీ డిష్ బోర్లించు. నెమ్మదిగా ఆరితేనే కణాలకు తమ చోటు వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది.

నా మొదటి బీమ్‌టైమ్‌కు పదకొండు వేఫర్లు తీసుకెళ్లాను. వెనకవైపు డైమండ్ పెన్నుతో అంకెలు చెక్కాను గానీ, ఏది ఎంతసేపట్లో ఆరిందో రాసుకోలేదు. తెల్లవారుజామున మూడింటికి ఏడో వేఫర్ పెట్టగానే తెర మీద నిటారు గీతలు కడ్డీల్లా సన్నగా, పదునుగా లేచాయి. అంత చక్కటి అమరిక! మళ్లీ అలాంటి పొర తయారు చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అందుకే సమయం, గది ఉష్ణోగ్రత, తేమ, చుక్క పరిమాణం అన్నీ రాయి. ప్రతి వేఫర్‌నూ ఫోనుతో ఫొటో తీయి.

ఇంకొకటి. కిరణం పొరను దాదాపు ఒరుసుకుంటూ వెళ్లాలి, సందిగ్ధ కోణానికి (అంతకన్నా తక్కువైతే కిరణం లోపలికి దిగక మొత్తం పరావర్తనం చెందే కోణానికి) కొంచెం పైన. 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సిలికాన్‌కు అది సుమారు 0.22 డిగ్రీలు. 0.4 డిగ్రీల దగ్గర కొలిచావనుకో, 50 మైక్రోమీటర్ల ఎత్తున్న కిరణం కూడా వేఫర్ మీద 7 మిల్లీమీటర్ల పొడవున పరుచుకుంటుంది. అంచు మరకా, నడిమి పొరా కలగలిసిపోతాయి. బాగున్న భాగం వరకే వేఫర్‌ను విరిచి తీసుకెళ్లడం మేలు.

లెక్కలో చాలామంది తప్పటడుగు వేసే చోటు చెబుతాను. కణాలు ఆరు మూలల అమరికలో ఉండి, మొదటి శిఖరం (కిరణం బలంగా చెదిరిన చోటు) క్యూ విలువ, అంటే చెదిరిన కోణాన్ని బట్టి వచ్చే సంఖ్య, నానోమీటరుకు 1.04 దగ్గర వచ్చిందనుకో. 2π ని క్యూతో భాగిస్తే 6.04 నానోమీటర్లు వస్తుంది. అది వరుసల మధ్య దూరం, కణాల మధ్య దూరం కాదు. 4π ని, 3 వర్గమూలంతో హెచ్చించిన క్యూతో భాగించు, 6.98 వస్తుంది. నీ బంగారు గింజ 5 నానోమీటర్లైతే మిగతా 2 చుట్టూ ఉన్న సేంద్రియ తొడుగుది. ఇదంతా నమ్మాలంటే ముందు సిల్వర్ బెహెనేట్ అనే ప్రామాణిక పొడితో డిటెక్టర్ దూరాన్ని సరిచూడాలి. దాని పొరల మధ్య దూరం 5.838 నానోమీటర్లు.

ఆ తొడుగు సున్నితమైనది. కిరణం ఒకేచోట పడుతుంటే పాడవుతుంది. తక్కువ వ్యవధి చిత్రాలు వరుసగా తీసి, శిఖరం జరుగుతోందేమో చూసుకుంటూ వేఫర్‌ను పక్కకు జరుపుతుండు.

మరో జవాబు

అమ్మా, మీ అక్కగారు చెప్పినదానికి నా వంతు కొంచెం. బీమ్‌టైమ్ రాత్రీ పగలూ నడుస్తుంది, ఒక్కరే వెళ్లకండి. షిఫ్టులు పంచుకోవడానికి కనీసం ఇంకొకరు కావాలి. హచ్ (కిరణం పడే ప్రయోగ గది) తలుపు మూసేముందు లోపల ఎవరూ లేరని మీ కళ్లతో మీరు చూడండి, ఎంత నిద్ర ముంచుకొచ్చినా సరే. ఆదివారం ఇక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోండి.

విశాఖ అమ్మాయి

అక్కా, నావి టోల్యూన్‌లోనే ఉన్నాయి. ఈరోజు ఆరు వేఫర్లు మూత కింద పెట్టాను. సాయంత్రం 4:10కి పెట్టినవి 9 గంటలకూ తడిగానే ఉన్నాయి. 21 డిగ్రీలు, తేమ 30 శాతం. అన్నీ రాసుకున్నాను. అన్నయ్యగారూ, మా ల్యాబులో ఒకమ్మాయి తోడు వస్తానంది.

జవాబు

చాలా సంతోషం. అలాగే ఉంచు చెల్లీ, పొద్దున దాకా మూత ఎత్తకు.