పలమనేరు టమాటా గ్రాఫులు: జీజీప్లాట్‌లో రెండు అక్షాలు కుదరవా? పీడీఎఫ్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి

పరిశోధక_తిరుపతి
నమస్కారం. తిరుపతిలో వ్యవసాయ గణాంకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పలమనేరు, మదనపల్లె మార్కెట్ల టమాటా రాక, ధరల వివరాలు 2018 నుంచి 2024 దాకా ఆగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైటు నుంచి దించుకుని, ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో పెట్టుకున్నాను. వచ్చే శనివారం పలమనేరు దగ్గర ఒక ఊళ్లో రైతులకు గ్రాఫులు చూపించాలి. నాలుగు చోట్ల ఆగిపోయాను. ఎడమ అక్షం మీద ధర, కుడి అక్షం మీద రాక పెట్టి ఒకే బొమ్మ గీయబోతే, ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్ ప్యాకేజీ ఒప్పుకోవడం లేదు. తెలుగు శీర్షిక పెడితే పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. ‘మార్కెట్టు’ అన్న మాటే చదవలేకుండా ఉంది. జిల్లా పటం మీద మండలాలవారీగా సాగు విస్తీర్ణం చూపాలి, ఏ సరిహద్దుల ఫైలు వాడాలి? నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ మెమరీయే ఉంది, ఆర్ వదిలి పైథాన్ భాషకు మారడం మేలా?

తోతాపురి_బంగారుపాళెం
మారకండి. మొన్నటిదాకా నేను ఎక్సెల్‌లోనే బతికాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సీజను లెక్కలు తయారుచేసేవాణ్ని, మొత్తం 38 గ్రాఫులు. సమావేశం తెల్లవారితే ఉందనగా రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చింది: ఒక కొనుగోలు కేంద్రం టన్నులకు బదులు క్వింటాళ్లు పంపిందట. ముప్పై ఎనిమిదీ చేత్తో మళ్లీ గీశాను. ఆ తరువాతి నెలలోనే ఆర్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ తప్పే దొర్లితే ఒక వరుస సరిచేసి మళ్లీ నడిపిస్తాను, అన్నీ మారిపోతాయి. అది వదులుకుని ఎక్కడికి వెళతారు?

కపిలతీర్థం_లెక్కలు
ఇరవై రెండేళ్లుగా గణాంకాలు బోధిస్తున్నాను, కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను: ఆ రెండు అక్షాల బొమ్మ గీయకండి. జీజీప్లాట్ ఒప్పుకోకపోవడం లోపం కాదు. దాని వెనుక లేలాండ్ విల్కిన్సన్ 1999లో రాసిన ‘గ్రాఫుల వ్యాకరణం’ అనే పుస్తకం ఉంది, జీజీప్లాట్ తయారుచేసిన హాడ్లీ విక్‌హామ్ ఆ పద్ధతిని ఆర్‌లోకి తెచ్చారు. రెండో అక్షం మొదటి అక్షాన్నే మార్చి రాసినదై ఉండాలన్నది జీజీప్లాట్ నియమం. సెల్సియస్ పక్కన ఫారెన్‌హీట్ పెట్టవచ్చు. రూపాయల పక్కన టన్నులు పెట్టాలంటే ఆ రెంటికీ లంకె మీరే కల్పించాలి. ఆ లంకె ఎలా కల్పిస్తే గీతలు అలా కలుస్తాయి, అలా విడిపోతాయి. రాక పెరిగినప్పుడే ధర పడిందని రైతుకు చూపాలనుకుంటే, అక్షం కొలత మార్చి ఆ కలయికను మీకు కావలసిన నెలలో కూర్చోబెట్టవచ్చు. అది చూపించడం కాదు, చెప్పి నమ్మించడం.

వీకోట_మండీ
మాది మూడు తరాల మండీ. ధర, రాక ఒకే కాగితం మీద చూసుకోవడం మాకు కొత్త కాదు. లారీలు ఎన్ని వచ్చాయో, వేలం ఎంత దగ్గర ఆగిందో పక్కపక్కన పెట్టి చూస్తేనే రేపటి సంగతి అర్థమవుతుంది. రెండు బొమ్మలు విడివిడిగా ఇస్తే రైతు దేన్ని చూడాలి? ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పారు, సంతోషం. ఒక్క తెల్లవారుజామున యార్డులో నిలబడ్డారా?

కపిలతీర్థం_లెక్కలు
నిలబడ్డానో లేదో గ్రాఫు సరైనదో కాదో తేల్చదు. పక్కపక్కన చూడాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. ఒకే తేదీల అక్షం మీద పైన ధర, కింద రాక పెట్టండి. ప్యాచ్‌వర్క్ అనే ప్యాకేజీతో రెండు బొమ్మలనూ ఒకదాని కింద ఒకటి అతికించవచ్చు. తేదీ నిలువునా సరిపోతుంది, కన్ను పైకీ కిందికీ వెళుతుంది.

అలిపిరి_వాన
మరి వాతావరణ గ్రాఫుల మాటేమిటి? వాల్టర్–లీత్ చిత్రాల్లో ఉష్ణోగ్రత, వర్షపాతం రెండూ ఒకే బొమ్మలో ఉంటాయి. ప్రపంచమంతా వాడుతున్నారు. తిరుపతికి అక్టోబరు–డిసెంబరులో ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వాన ఎంత ముఖ్యమో అందులో ఒక్క చూపులో తెలుస్తుంది. అవన్నీ అబద్ధాలేనా?

కపిలతీర్థం_లెక్కలు
మంచి ఉదాహరణ తెచ్చారు. అందులో 10 డిగ్రీలకు 20 మిల్లీమీటర్లు అనే నిష్పత్తి ముందే స్థిరం. గీసేవాడి ఇష్టానికి వదల్లేదు. వాన గీత ఉష్ణోగ్రత గీత కిందికి దిగితే కరువు నెల అని చదువుతారు, ఆ కలయికకు అర్థం ఉంది కనుక. టమాటా టన్నుకు ఇన్ని రూపాయలన్న అలాంటి నిష్పత్తి ఎవరైనా నిర్ణయించారా?

వీకోట_మండీ
మాట తిప్పుతున్నారు. మొదట రెండు అక్షాలే తప్పన్నారు, ఇప్పుడు కొన్ని ఒప్పంటున్నారు.

కపిలతీర్థం_లెక్కలు
ఆ టమాటా బొమ్మ గీయవద్దన్నాను. సెల్సియస్, ఫారెన్‌హీట్ పెట్టవచ్చని మొదటి టపాలోనే రాశాను. పైకి వెళ్లి చదవండి.

లిపి_తిరుచానూరు
మీ పోట్లాటలో ఆ అమ్మాయో అబ్బాయో అడిగిన తెలుగు సంగతి కొట్టుకుపోయింది. ఈ బాధ నేను మూడు వారాలు పడ్డాను. ఆర్‌లో మామూలు పీడీఎఫ్ డివైసుకు, అంటే బొమ్మను ఫైలుగా రాసే భాగానికి, తెలుగు రాదు. షోటెక్స్ట్ అనే ప్యాకేజీ వాడమని చాలామంది చెబుతారు. అది అక్షరాలను ఒక్కొక్కటిగా తెచ్చి పేరుస్తుంది, ఒత్తును కిందికి చేర్చడం దానికి చేతకాదు. ‘స్త్రీ’ అని రాసి చూడండి, తెలిసిపోతుంది. ర్యాగ్ అనే ప్యాకేజీ వేయండి. అది హార్ఫ్‌బజ్ అనే లిపి సాఫ్ట్‌వేరుతో అక్షరాలను కూర్చుతుంది కాబట్టి గుణింతాలు, ఒత్తులు ఉండాల్సిన చోటే ఉంటాయి. బొమ్మను ఫైలుగా దాచే జీజీసేవ్‌లో డివైసుగా ర్యాగ్ పీఎన్‌జీని ఇచ్చి, ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టండి. పీడీఎఫే కావాలంటే కైరో పీడీఎఫ్ ప్రయత్నించండి. నా మొదటి పోస్టరు మీద ‘స్త్రీల ఆరోగ్యం’ చక్కగా కనిపించిన రోజు మా అమ్మను పిలిచి చూపించాను. ఆమెకు గ్రాఫు అక్కర్లేదు, అక్షరం బాగుందంది. నాకు అదే చాలు.

పైథాన్_పుత్తూరు
పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ ఇదే గోల. నేను ఎంప్లాట్‌కైరో అనే అదనపు ప్యాకేజీ వేసుకుని గట్టెక్కాను. కాబట్టి తెలుగు కోసం పైథాన్‌కు రావాల్సిన పనిలేదు, పైథాన్ వాడేవాడిగా నిజాయతీగా చెబుతున్నాను. ఆరేడేళ్ల రోజువారీ ధరలంటే మహా అయితే కొన్ని వేల వరుసలు. 4 జీబీకి అది బరువే కాదు.

తోతాపురి_బంగారుపాళెం
ఇంకొకటి. తెలుగు ఉన్న పట్టికను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఫైలుగా) రాసి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆర్‌లోని రీడ్‌ఆర్ ప్యాకేజీలో ఎక్సెల్ కోసం విడిగా ఉన్న ఫంక్షనుతో రాయండి, సరిగా తెరుచుకుంటుంది.

ఖాళీతేదీలు
గ్రాఫు ఎలా గీయాలో అందరూ చెబుతున్నారు, ముందు డేటా చూశారా? ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్టు సెలవులకు, నమోదు కాని రోజులకు వరుసే ఉండదు. గీత గీయమంటే జీజీప్లాట్ ముందు రోజును, తరువాతి రోజును నేరుగా కలిపేస్తుంది. పది రోజుల ఖాళీ ఉన్నా ధర నెమ్మదిగా దిగినట్టు సాఫీ వాలు కనిపిస్తుంది. నా సిద్ధాంత గ్రంథంలో అలాంటి వాలుకు రెండు పేజీల వివరణ రాశాను. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఆ రోజుల ధరలు చూపమన్నారు. నా దగ్గర లేవు. ఆర్‌లోని టైడీఆర్ ప్యాకేజీలో ఉన్న కంప్లీట్ ఫంక్షనుతో అన్ని తేదీలూ తెప్పించండి, ధర లేనిచోట ఖాళీ ఉంచండి. గీత తెగుతుంది, తెగనివ్వండి.

వీకోట_మండీ
ఇది నిజం. సెలవు తరువాత రోజు రాక ఒక్కసారిగా ఎగబడుతుంది. ఆ రోజు ధరను మామూలు రోజుతో కలిపి చూడకూడదు.

అలిపిరి_వాన
2023 జులై మరచిపోకండి. కిలో వంద రూపాయలు దాటింది, తరువాత కొద్ది వారాల్లోనే కూలింది. మామూలు అక్షం మీద ఆ ఒక్క శిఖరం మిగతా ఏళ్లన్నిటినీ నేలకు అణచివేస్తుంది. లాగ్ అక్షం (ఎన్ని రెట్లు పెరిగిందో దాన్నే దూరంగా చూపేది) పెట్టండి, ఐదు రూపాయల నుంచి పదికి ఎగబాకిన రోజు కూడా కనిపిస్తుంది.

వీకోట_మండీ
లాగ్ అక్షమా? రైతుకా? యాభైకీ వందకూ మధ్య ఉన్న దూరం ఐదుకూ పదికీ మధ్య కూడా ఉంటే కాగితం మీదే మోసమంటాడు.

కపిలతీర్థం_లెక్కలు
ఈసారి మీతో ఏకీభవిస్తున్నాను. లాగ్ అక్షం ప్రశ్న అడిగినవారి పరిశోధన కోసం, వాళ్ల తెర మీద. రైతుల ముందు ఏడాదికొక గడి చొప్పున విడగొట్టి, గీత మీద రూపాయలు అంకెల్లో రాయాలి.

మోడల్ధర
ఏ ధర గీస్తున్నారో ఎవరూ అడగలేదు. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ఉంటాయి, మూడూ క్వింటాలుకే. మోడల్ ధర అంటే సగటు కాదు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. ఒక్క గీతతో సరిపెట్టకుండా కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రిబ్బను (రంగు పట్టీ) పరిచి, మధ్యలో మోడల్ గీత వేయండి. మా నాన్నకు దక్కేది ఎప్పుడూ ఆ రిబ్బను అడుగు అంచే. సన్నకారు రైతు తన ధరను ఆ బొమ్మలో వెతుక్కుంటాడు. మోడల్ గీత ఒక్కటే చూపితే, తనకు రాని ధరను తనకే చూపినట్టవుతుంది.

వీకోట_మండీ
అడుగు ధర కాయ నాణ్యతను బట్టి ఉంటుంది. మండీల మీద నింద వేయకండి.

మోడల్ధర
మండీ అన్న మాటే నేను రాయలేదు. అంచు ఎక్కడుందో చెప్పాను.

పరిశోధక_తిరుపతి
అందరికీ కృతజ్ఞతలు. ర్యాగ్‌తో ‘మార్కెట్టు’ ఒత్తు సరిగా వచ్చింది. తేదీలన్నీ నింపి చూస్తే పలమనేరులో చాలా ఖాళీలున్నాయి, అందులో ఒకటి సరిగ్గా నేను వివరించాలనుకున్న చోటే ఉంది. ధర పైన, రాక కింద పెట్టాను. రిబ్బను వేశాక చూస్తే, మోడల్ గీత కదలని రోజుల్లో కూడా అడుగు అంచు బాగా పడిపోయిన సందర్భాలున్నాయి. శనివారం ముందు అదే చూపిస్తాను. జిల్లా పటం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పైథాన్_పుత్తూరు
మీ సాగు లెక్కలు 2022 ఏప్రిల్ 4కు ముందువైతే పాత చిత్తూరు 66 మండలాల ఫైలు, తరువాతవైతే కొత్తది. ఆ రోజే తిరుపతి జిల్లా విడిపోయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. జిల్లా మొత్తాలు వాడితే 2022లో చిత్తూరు సాగు ఒక్కసారిగా కూలినట్టు కనిపిస్తుంది. మండలాలనే కలుపుకుంటూ రండి. కలిపే ముందు రెండు ఫైళ్లలోనూ మండలాల పేర్ల స్పెల్లింగు పోల్చుకోండి. నాకు పాళెం, పాలెం తేడాతో కొన్ని మండలాలు రంగు లేకుండా ఉండిపోయాయి.