చుక్క మరుగు: స్పర్శ, మోక్షమా? నిమీలనం, ఉన్మీలనమా?

ప్రశ్న: హౌమియా లాంటి మరుగుజ్జు గ్రహం ఒక నక్షత్రానికి అడ్డొచ్చి కాసేపు కనబడకుండా చేస్తే దాన్ని తెలుగులో ఏమనాలండీ? 'నక్షత్ర గ్రహణం' అంటే తప్పా? చుక్క పోయిన క్షణానికీ తిరిగొచ్చిన క్షణానికీ పంచాంగంలోని స్పర్శ, మోక్షం సరిపోతాయా?

జవాబు: తప్పనను గానీ నా ఓటు 'మరుగు'కే. గ్రహణం అనగానే బింబంలో ఎంత భాగం పట్టిందన్న లెక్క వస్తుంది. ఇక్కడ నక్షత్రం నిజంగానే చుక్క. పాత జ్యోతిషంలో గ్రహయుద్ధాల్లో, అంటే రెండు గ్రహాలు ఆకాశంలో బాగా దగ్గరగా వచ్చినప్పుడు, ఒక బింబం మరోదాన్ని కప్పితే 'భేదం' అన్నారు, కానీ ఇవాళ ఆ మాటకు తేడా అనే అర్థమే మిగిలింది.

క్షణాలకు మాత్రం పంచాంగం మాటలను మించినవి లేవు. స్పర్శ అంటే అంచు తాకడం, నిమీలనం అంటే పూర్తిగా కన్ను మూయడం. ఉన్మీలనం అంటే మళ్లీ కన్ను తెరవడం, మోక్షం అంటే అంచు పూర్తిగా విడిపోవడం. సంపూర్ణ సూర్యగ్రహణంలో స్పర్శకూ నిమీలనానికీ మధ్య సుమారు గంట పడుతుంది. హౌమియాకు చెప్పుకోదగ్గ వాతావరణం లేదు, అంచు తగలగానే చుక్క రెప్పపాటులో ఆరిపోతుంది. స్పర్శే నిమీలనం. ప్లూటో సంగతి వేరు. 1988 జూన్ 9న చుక్క వెలుగు మెల్లగా తగ్గుతూ పోయింది, అక్కడ పలుచని వాతావరణం ఉందని ఖాయమైంది దానివల్లే. అలాంటి చోట నాలుగు మాటలూ కావాలి.

ఇంకో జవాబు: పరిశీలన రాసేటప్పుడు 'మరుగు సమయం' అని ఒక్క అంకె వేస్తే పనికిరాదు. నిమీలనం, ఉన్మీలనం విడివిడిగా, సెకనులో భాగాలతో సహా రాయాలి. చుక్క వెలుగులో హౌమియా నీడ భూమి మీదుగా పరుగెడుతుంది. ఆ వ్యవధిని నీడ వేగంతో హెచ్చిస్తే 'జ్యా' వస్తుంది, అంటే ఆ నీడను ఈ అంచు నుంచి ఆ అంచుకు కోసే గీత పొడవు, బడిలో వృత్తానికి గీసిన జ్యాయే. నీడ సెకనుకు 20 కి.మీ. నడుస్తుంటే వ్యవధిలో అర సెకను పొరపాటు జ్యాను 10 కి.మీ. చెడగొడుతుంది. అందుకే ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మకుండా వీడియోలో ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ సమయం పడేలా చూసుకోవాలి. ఫ్రేములో ఇంకో నక్షత్రం కూడా ఉండాలి, లేదంటే మబ్బుతునక అడ్డొచ్చినా మరుగే అనుకుంటాం.

ఒక్క జ్యాతో ఆకారం తేలదు. 2017 జనవరి 21న ఐరోపాలో పది అబ్జర్వేటరీల నుంచి 12 టెలిస్కోపులు చూశాయి కాబట్టే హౌమియా కోలతనం కొలతకొచ్చింది. అసలు మరుగుకు ముందొకసారి, తర్వాతొకసారి చుక్క కొద్దిగా మసకబారింది. 2,287 కి.మీ. వ్యాసార్ధమున్న వలయం అలా బయటపడింది. వలయం చుక్కను పూర్తిగా ఆర్పలేదు, కాబట్టి దాన్ని మరుగు అనకుండా 'మసక' అందాం. రికార్డింగు కొన్ని నిమిషాల ముందే మొదలుపెట్టకపోతే ఈ మసక దొరకదు.

ప్రశ్న: మరి దాని చంద్రులకు?

జవాబు: పేరుతోనే చెప్పాలి: హియాకా మరుగు, నమకా మరుగు. హియాకా హౌమియాకు సుమారు 50 వేల కి.మీ. దూరంలో తిరుగుతుంది, మన భూమి వ్యాసం చూస్తే 12,742 కి.మీ. హౌమియా నీడ మన మీదుగా పోయే రాత్రి హియాకా నీడ భూమిని తాకకుండానే పోవచ్చు. దాని నీడబాటను వేరే లెక్కకట్టాలి.

క్రియ దగ్గర ఒక జాగ్రత్త. చుక్క 'మరిగింది' అనకూడదు, మరిగేవి పాలు. చుక్క 'మరుగుపడింది', హౌమియా దాన్ని 'మరుగుపరిచింది'.