ఇనార్గానిక్‌లో పీహెచ్‌డీ: కూడు పెడుతుందా?

గోదారి గట్టు
ఎమ్మెస్సీ ఇనార్గానిక్ కెమిస్ట్రీ, ఫైనల్ ఇయర్. మొన్న నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచాల్సింది పోయి మా పెదనాన్నగారు పంచాయితీ పెట్టారు. ఆయన అల్లుడు జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో మేనేజరు. "ఆర్గానిక్ వాళ్లనైతే కంపెనీలే పిలిచి తీసుకుంటాయి, ఈ రంగు ఉప్పులు పెట్టుకుని నువ్వేం చేస్తావే?" అంటున్నారు. నాకు కోఆర్డినేషన్ కెమిస్ట్రీ (లోహం చుట్టూ వేరే అణువులు ఎలా అతుక్కుంటాయో చెప్పేది) అంటే ఇష్టం. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బులు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ.

తార్నాక బస్టాప్
ముందు కంగ్రాట్స్ చెల్లీ. నాది ఐదో ఏడాది.

డబ్బులు: 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్) మారితే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. మొత్తం ఐదేళ్లు. కాగితం మీద బాగానే ఉంది. నాకు ఒకసారి ఏడు నెలలు రాలేదు, ఆ తర్వాత అంతా ఒకేసారి పడింది. ఆ ఏడు నెలలూ నా మెస్ బిల్లు తమ్ముడు కట్టాడు. వాడు బీటెక్ అయి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. సంక్రాంతికి ఇంటికెళ్తే చొక్కా కూడా వాడే కొన్నాడు. అందుకని మొదటి అరియర్స్ పడగానే ఫోన్ కొనకు, మూడు నెలల ఖర్చు పక్కన పెట్టు.

పని: మాది గాలి తగిలితే పాడైపోయే కాంపౌండ్ల ల్యాబ్. అంటే ష్లెంక్ లైన్ (గాలి లాగేసి ఆర్గాన్ నింపే గాజు గొట్టాలు), గ్లవ్‌బాక్స్ (గాలి చొరబడని పెట్టె), ఆర్గాన్ సిలిండర్ ఎప్పుడు అయిపోతుందోనన్న టెన్షన్. రెండో ఏడాదిలో ఒక రాత్రి లైన్ మీద ఒక స్టాప్‌కాక్ సగం తెరిచి వదిలేసి టీకి వెళ్లాను. ట్రాప్ (ఆవిర్లు పంపులోకి పోకుండా పట్టే గాజు గొట్టం) లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంది, అంటే −196 డిగ్రీలు. లోపలికి వచ్చిన గాలిలోని ఆక్సిజన్ −183 దగ్గరే ద్రవమైపోతుంది. తిరిగొచ్చి నైట్రోజన్ ఎంతుందో చూద్దామని థర్మాస్ లాంటి డివార్ ఫ్లాస్క్‌ను నాలుగంగుళాలు దించితే ట్రాప్ అడుగున లేత నీలం రంగులో ఏదో ఉంది. చాలా అందంగా ఉంది. పొద్దుటి నుంచి లాగిన సాల్వెంట్ కూడా అదే ట్రాప్‌లో ఉంది. ఆ రెండూ కలిసి వేడెక్కితే బాంబే. వెనకనుంచి సీనియర్ అక్క ఒకటే అరుపు: "డివార్ పైకెత్తు! పంపు ఆపకు!" హుడ్ అద్దం దించి అందరం బయటికొచ్చేశాం. ఫోన్ చేస్తే గైడ్ లుంగీ మీదే వచ్చారు. తెల్లారే దాకా కారిడార్‌లో కూర్చున్నాం. ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ భయమేసింది.

ఆ తర్వాత నుంచి ల్యాబ్ వదిలే ముందు స్టాప్‌కాక్‌లు రెండుసార్లు లెక్కపెడతాను. ఇంట్లో గ్యాస్ కూడా.

క్రిస్టల్ కోసం
బ్రో, మా ల్యాబ్‌లో ఆ నీలం రంగు ఫొటో తలుపు మీద అంటించి ఉంటుంది.

నాది మూడో ఏడాది. ఈ సబ్జెక్ట్‌లో సగం జీవితం ఎదురుచూడటమే. కాంపౌండ్ చేయడానికి రెండు రోజులు, అది ఇదేనని నిరూపించడానికి ఆరు నెలలు. పారామాగ్నెటిక్ (అయస్కాంతానికి లాగబడే) మెటల్ అయితే, అణువు నిర్మాణం చూపించే ఎన్‌ఎంఆర్‌లో పీకులన్నీ కొండల్లా వెడల్పుగా వస్తాయి, ఏమీ తెలియదు. ఇక సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రేనే దిక్కు. చిన్న వయల్‌ను పెద్ద వయల్‌లో పెట్టి, బయట పెంటేన్ పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, కదపకుండా దండం పెట్టుకోవాలి. ప్రస్తుతం నా వయల్‌లో మూడు వారాలకు ఎర్రటి సూదులు వచ్చాయి. గురువారం డిఫ్రాక్టోమీటర్ స్లాట్ ఉంది. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి చెప్తున్నా.

వాల్తేరు మాస్టారు
అమ్మా, మీ పెదనాన్నగారి ప్రశ్న కొత్తదేమీ కాదు. అది ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ కాలం నాటిది. ఆయన చదివింది ఆర్గానిక్. 1893లో, 26 ఏళ్ల వయసులో, లోహం చుట్టూ లిగాండ్లు (దానికి అతుక్కునే అణువులు) అష్టముఖి ఆకారంలో కూర్చుంటాయన్నాడు. నమ్మనివాళ్లను నమ్మించడానికి కోబాల్ట్ కాంపౌండ్‌ను అద్దంలో ప్రతిబింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలుగా విడదీయాలి. జ్యూరిక్‌లో ఆయన శిష్యుడు విక్టర్ కింగ్ దాదాపు 2,000 సార్లు స్ఫటికీకరణ చేశాడని చెబుతారు. 1911లో గానీ విడిపోలేదు. 1913లో వెర్నర్‌కు నోబెల్ వచ్చింది. అంతటితో ఆగక 1914లో కార్బన్ ఒక్కటి కూడా లేని కాంపౌండ్‌లోనూ ఆ కుడి ఎడమలు చూపించి, అదంతా కార్బన్ మహిమేనన్న ఆర్గానిక్ వాళ్ల నోరు మూయించాడు.

మన దగ్గరా పరంపర ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో జి. గోపాలరావు గారి బృందం వెనేడియం, సీరియం లాంటి వాటితో చేసిన రెడాక్స్ టైట్రేషన్ల మీద పేపర్ల మీద పేపర్లు వచ్చాయి. ఖరీదైన యంత్రాలు లేవు. బ్యూరెట్, ఫాస్ఫారిక్ యాసిడ్, ఓపిక.

ఇక నా సంగతి. పీహెచ్‌డీ అయ్యాక తొమ్మిదేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా చేశాను. గంటకింత అని లెక్క, వేసవిలో అదీ ఉండదు. నోటిఫికేషన్ పడుతుంది, కేసు పడుతుంది, ఆగుతుంది. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పర్మనెంట్. రీసెర్చ్ మాత్రం సెలవుల్లో స్నేహితుల ల్యాబ్‌లకు శాంపిళ్లు పంపడం దాకే మిగిలింది. యూనివర్సిటీ ఉద్యోగం ఒక్కటే లెక్కలో పెట్టుకుని దిగొద్దని చెప్పడానికే ఇదంతా రాశాను.

పీపీఎం
పెదనాన్నగారి అల్లుడిగారిని ఒక్క మాట అడగండి మేడం: "మీ బ్యాచ్‌లో పల్లాడియం ఎంత ఉందో ఎవరు చెప్తారు?" అని.

నేను ఇనార్గానిక్ పీహెచ్‌డీ, పనిచేసేది ఫార్మాలోనే. వాళ్లు పల్లాడియం వాడే సుజుకి రియాక్షన్ చేసి చేతులు దులుపుకుంటారు, మందులో మిగిలిన లోహం మా నెత్తిన పడుతుంది. ఐసీహెచ్ క్యూ3డీ (మందుల్లో లోహాల మీద అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు పల్లాడియం 100 మైక్రోగ్రాములు దాటకూడదు. దాన్ని ఐసీపీ-ఎంఎస్‌ అనే యంత్రంలో కొలవడం ఒక పని. ఎలా తీసేయాలో, ఆ లోహం ఏ రూపంలో అతుక్కుని కూర్చుందో చెప్పడం ఇంకో పని. ఆ రెండో పనికి కోఆర్డినేషన్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లే కావాలి. అయితే ప్రకటనల్లో "ఇనార్గానిక్" అనే మాట ఉండదు. "ఎనలిటికల్", "కెటాలిసిస్", "ప్రాసెస్" అని వెతకాలి. ఆర్గానిక్ వాళ్లతో పోలిస్తే పోస్టులు తక్కువే, అబద్ధం ఎందుకు.

మౌలాలి రిటైర్డ్
అందరూ ఫార్మా, ఫార్మా అంటున్నారు. హైదరాబాద్‌లో ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) 1971 నుంచి ఉంది, అక్కడ జరిగేదంతా ఇనార్గానిక్ కాదా? మేం చేసింది జిర్కోనియం. ఇసుకలో అది ఒంటరిగా దొరకదు, రెండు శాతం దాకా హాఫ్నియం అంటుకుని ఉంటుంది. జిర్కోనియం రియాక్టర్‌ను నడిపే న్యూట్రాన్లను వదిలేస్తుంది, హాఫ్నియం దానికి కొన్ని వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. కాబట్టి ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియంలో హాఫ్నియం 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) కన్నా తక్కువకు రావాలి. విడదీద్దామంటే రెండూ కవల పిల్లలు, సైజు ఒకటే. ఎందుకు? లాంథనైడ్ సంకోచం (లాంథనైడ్ల తర్వాత వచ్చే పరమాణువుల సైజు అనుకున్నంత పెరగకపోవడం)! ఇంటర్‌లో ఒక మార్కు కోసం బట్టీ కొట్టిన ఆ ముక్క మీదే మా ప్లాంటు నడిచింది. నైట్రిక్ యాసిడ్ ద్రావణాన్ని టీబీపీ అనే సాల్వెంట్, కిరోసిన్‌తో కలిపి లాగుతూనే ఉండాలి. ఒంటికి పట్టిన ఆ వాసన ఇంటిదాకా వచ్చేది.

ఎన్‌ఎఫ్‌సీ, బార్క్, ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్, సీ-మెట్, ఈ ప్రభుత్వ సంస్థలన్నీ చూసుకో తల్లీ. విశాఖలో రేర్ ఎర్త్ మాగ్నెట్ ప్లాంట్ కూడా 2023లో ప్రారంభమైంది.

గోటింగెన్ చలి
పోస్ట్‌డాక్ గురించి చిన్నగా. జర్మనీలో ఇనార్గానిక్‌కు ఇప్పటికీ గౌరవం ఉంది. ఇక్కడి ఇనార్గానిక్ ప్రొఫెసర్ రోస్కీ గారి కాలం నుంచీ ఇక్కడికి భారతీయులు వస్తూనే ఉన్నారు. గ్లాస్ బ్లోయర్ ఉంటాడు, విరిగిన ష్లెంక్ ఫ్లాస్క్ రెండు రోజుల్లో అతికించి ఇస్తాడు. మన దగ్గర అదే ఫ్లాస్క్‌కి మూడు కొటేషన్లు అడిగారు. అయితే ఇక్కడ కాంట్రాక్టులకు పరిమితి ఉంది, పీహెచ్‌డీ తర్వాత ఆరేళ్లు. నాకు ఇంకో ఏడాదిన్నర మిగిలింది. రోజూ లెక్క పెట్టుకుంటున్నాను.

2025 కెమిస్ట్రీ నోబెల్ ఎమ్‌ఓఎఫ్‌లకు (లోహాలు, ఆర్గానిక్ అణువులు కలిసి కట్టే జల్లెడ లాంటి పదార్థాలు) వచ్చాక మా అమ్మ ఫోన్ చేసి "మీ సబ్జెక్టేనటగా" అంది. పదేళ్లలో మొదటిసారి.

రెండో షిఫ్టు
పెళ్లి గురించి ఎవరూ రాయలేదు, నేనే రాస్తాను. నాకు నాలుగో ఏడాదిలో పెళ్లి, ఐదో ఏడాదిలో పాప. యూజీసీ 2022 నిబంధనల్లో మెటర్నిటీ సెలవు 240 రోజులు, ఆడవాళ్లకు పీహెచ్‌డీ గడువు మీద ఇంకో రెండేళ్లు ఉన్నాయి. ఆఫీసులో అడిగితే క్లర్క్‌కి తెలియదు, నేనే ప్రింట్ తీసుకెళ్లి చూపించాను. నువ్వూ ఒక ప్రింట్ దగ్గర పెట్టుకో. ఇంకోటి, గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేపర్లు లెక్కపెట్టడంతో పాటు ఆ ల్యాబ్‌లో అమ్మాయిలు ఎంతమంది ఎన్నేళ్లలో బయటపడ్డారో వాళ్లనే ఫోన్ చేసి అడుగు. గర్భంతో ఉన్నప్పుడు నన్ను కాడ్మియం లాంటి విష లోహం ముట్టుకోనివ్వకుండా ప్రాజెక్టే మార్చిన గైడ్ దొరికారు నాకు. అందరికీ దొరకరు.

గోదారి గట్టు
అందరికీ థాంక్స్. పల్లాడియం ప్రశ్న బావగారిని అడిగాను. "అది క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) వాళ్లు చూసుకుంటారు" అన్నారు. క్యూసీలో ఎవరంటే తెలీదన్నారు. పెదనాన్నగారు కాఫీ తాగుతూ ఊరుకున్నారు. రెండు ఇంటర్వ్యూలకు అప్లై చేశాను. @క్రిస్టల్ కోసం, గురువారం ఏమైంది?

క్రిస్టల్ కోసం
వచ్చింది. ద్రావణం ఎర్రగా ఉండటం వల్ల సూదులూ ఎర్రగా కనిపించాయి. నూనెలో కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే నీళ్లంత తెల్లగా ఉన్నాయి. అప్పుడే ఆపాల్సింది. డేటా అద్భుతం, ఆర్ విలువ (తప్పు ఎంతుందో చెప్పే అంకె) 3 శాతం. స్ట్రక్చర్ తెరిస్తే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్, అంటే నేను వాడిన ఫాస్ఫీన్ ఆక్సిజన్ తగిలి పాడైతే వచ్చే చెత్త. లోహమే లేదు.

తార్నాక బస్టాప్
వెల్‌కమ్ బ్రో. నాకు రెండుసార్లు వచ్చింది అది.

క్రిస్టల్ కోసం
గ్లవ్‌బాక్స్ శుక్రవారం 10కి బుక్ చేశాను. ఈసారి ఫాస్ఫీన్ మారుస్తున్నా. చెల్లీ, ఇది మాత్రం పెదనాన్నగారికి చెప్పకు.